లోర్షర్ రైళ్ళ పాత క్యాటలాగులు

ఫ్యూర్త్, 6 ఫిబ్రవరి 2011

అమ్మా ఇంకెన్,

నువ్వు కులాసా అని తలుస్తాను. టైపు కొట్టి పంపుతున్నానని ఏమీ అనుకోకు. బొమ్మల అంగడి నడిపిన రోజుల నుంచీ నా వేళ్ళకి ఈ మిషనే అలవాటు. ఒక అక్షరం ఎగిరి పై వరసలో పడుతుంది, సర్దుకుని చదువుకో.

ఫోల్కర్ పోయి మూడు నెలలు కావస్తోంది. ఆఫీసుకు వెళ్తూ కాలవ గట్టు మీద సైకిలు దిగి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదన్న మాట నాకు ఇప్పటికీ నా కొడుకుది కాక ఇంకెవరి కొడుకు సంగతో విన్నట్టుగా ఉంది. సమాధి దగ్గర నీతో నాలుగు మాటలు మాట్లాడాలనుకున్నాను. వాన, గొడుగులు, మీ కీల్ వాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. కుదరలేదు. ఫోనులోనైతే మనిద్దరికీ "ఆ, బాగానే ఉన్నాను" తప్ప ఇంకో మాట రాదు. అందుకే ఉత్తరం.

ఒక పని మీద రాస్తున్నాను. లోర్షర్ కంపెనీ రైలుబొమ్మల క్యాటలాగులు రెండు పెట్టెలు వాడు నా దగ్గర్నుంచి తీసుకెళ్ళాడు. ప్రతి పేజీ ఫొటో తీసి వెబ్‌సైటులో పెడతానన్నాడు. పాత రైళ్ళు సేకరించేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా కూర్చున్నచోటే చూసుకోవచ్చన్నాడు. ఆ పని ఎంతవరకూ వచ్చిందో నాకు తెలియదు. పెట్టెలు మాత్రం నాకు తిరిగి పంపగలవా? తొందరేమీ లేదు. అయినా త్వరగా పంపితే సంతోషిస్తాను.

కింది వాటా బాబెట్ ఈ చలికాలమంతా నాకు చేప వేపుడు పెట్టి చంపుతోంది. నువ్వు వేళకి తింటున్నావా?

మీ మామయ్య
ఓట్మార్


కీల్, 14 ఫిబ్రవరి 2011

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఎగిరిన అక్షరాలతో సహా చదివాను.

ఒక పెట్టె ఈ రోజే పంపుతున్నాను. రెండోది కొన్నాళ్ళు నా దగ్గర ఉండనివ్వండి. ఇంకా పని ఉంది.

ఇక్కడ సముద్రం మీద మంచు తెర దిగితే పొద్దున ఓస్లో నుంచి వచ్చే ఓడ రేవులో ఆగేదాకా కనబడదు. నేను టికెట్ల కౌంటర్‌లో కూర్చుని ఏమీ కనబడని గాజు వైపు చూస్తూ "ఓడ వచ్చేసిందండీ" అని జనానికి చెబుతుంటాను. వాళ్ళు నమ్మరు. ఉద్యోగం మంచిదే, మాట్లాడక తప్పదు కాబట్టి. ఇంటికొస్తేనే కష్టం. మంచంలో ఫోల్కర్ పడుకునే వైపుకి జరిగి పడుకుంటున్నాను. నా వైపు ఖాళీగా ఉంటే నేను లేనట్టు ఉంటుంది, అది భరించగలను. ఈ మాట మా అక్కకి కూడా చెప్పలేదు. మీకెందుకు రాస్తున్నానో తెలియదు.

ఒక సందేహం. 1934 క్యాటలాగులో చిన్న స్టేషను బొమ్మకి కప్పు ఒక పేజీలో ఎరుపు, ఇంకో పేజీలో ఆకుపచ్చ. రెండు రకాలూ అమ్మేవారా? తెలిస్తే వీలైనంత త్వరగా రాయండి.

తింటున్నాను. మీరూ తినండి.

ఇంకెన్


ఫ్యూర్త్, 11 మార్చి 2011

అమ్మా ఇంకెన్,

పెట్టె చేరింది. సంతోషం.

స్టేషను కప్పు సంగతి నాకూ తెలియదు. క్యాటలాగులో రంగుల్ని ఎప్పుడూ నమ్మకూడదు. బొమ్మ గీసినాయన ఆ రోజు ఏ రంగు సీసా మూత తీశాడో అదే వేసేవాడు. జనం వచ్చి "పుస్తకంలో ఆకుపచ్చగా ఉంది, నువ్వు ఎర్రది అంటగడుతున్నావు" అని నన్ను తిట్టేవాళ్ళు. 1934 అంటే నేను పుట్టిన ఏడు. అప్పుడు అంగడి మా మామగారిది. ఆయన కూడా అవే తిట్లు తిని ఉంటాడు.

కానీ నీ ప్రశ్న చూసి ముందు సంతోషపడి, తరవాత ఆలోచనలో పడ్డాను. ఫోల్కర్ బతికున్నప్పుడు ఈ రైళ్ళంటే నీకు తుమ్మొచ్చేది. "మీ నాన్నా మీరూ కలిసి నా ఇంటిని గోదాం చేశారు" అని నవ్వుతూ అనేదానివి. ఇప్పుడు ఏడాదులూ కప్పులూ రంగులూ అడుగుతున్నావు. పైగా త్వరగా కావాలంటున్నావు. బాబెట్ అంటోంది, "ఇలా ఒక్కొక్కటీ తరిచి అడిగేది అమ్ముకోవడానికి గాక ఇంకెందుకండీ? మా మేనల్లుడు వాళ్ళ తాత గడియారాలు వేలానికి పెట్టే ముందు ఇలాగే అడిగాడు." నేను ఆవిణ్ణి నోరుముయ్యమన్నాను. అయినా ఆ మాట చెవిలో పడింది, పోదు.

నీది చిన్న వయసు. నీ బతుకు నువ్వు చూసుకోవాలి. వాడు చేసిందంతా ఎవరికో ఇచ్చేయాలనుకుంటే నన్ను చుట్టుతిప్పి అడగక్కర్లేదు. రెండో పెట్టె మాత్రం నాది. పంపించు.

ఓట్మార్


కీల్, 19 మార్చి 2011

మామయ్యగారికి,

రెండో పెట్టె వస్తోంది. దారిలో తడవకుండా రెండు చుట్లు చుట్టించాను.

నేను ఏమీ అమ్మడం లేదు. బాబెట్ గారికి చెప్పండి.

మొదటి పెట్టెలో పైనే ఫోల్కర్ స్వెట్టర్ ఒకటి మడిచి పెట్టాను. నీలం రంగుది. అది మీ ఇంట్లో ఉంటే బాగుంటుందనుకున్నాను. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను మంచం గురించి రాసినదానికీ ఒక్క ముక్క లేదు. స్టేషను కప్పుకి మాత్రం పేరా రాశారు. మీరు కాగితాల కోసం బెంగపెట్టుకున్నంత మనుషుల కోసం పెట్టుకోరని ఫోల్కర్ ఒకసారి అన్నాడు. ఆ రోజు నేను మీ తరఫున వాడితో పోట్లాడాను.

నాకు ఇప్పుడు ముప్పైతొమ్మిదేళ్ళు. నా బతుకు ఎక్కడుందో తెలిస్తే తప్పకుండా చూసుకుంటాను.

ఇంకెన్


ఫ్యూర్త్, 2 మే 2011

ఇంకెన్,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు కాగితం లాగేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నిన్న ఆదివారం ఊరి హాల్లో పాత బొమ్మల సంత. రైళ్ళవాళ్ళందరూ వస్తారు. నాకు కొనేది లేదు, అమ్మేది లేదు. ఊరికే ఆ గొంతులు వినడానికి వెళ్ళాను. వింటర్‌టూర్ నుంచి ఏటా వచ్చే ఉర్స్ నన్ను చూసి చేయి పట్టుకున్నాడు. స్విస్ యాసలో ఆయన పాడినట్టు మాట్లాడతాడు.

"మీ అబ్బాయి బంగారమండీ. ఇప్పుడీ లోకంలో అంత ఓపిక ఎవరికుంది? ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోడు. మొన్న మంగళవారం కూడా జవాబు రాశాడు."

"ఏ మంగళవారం?" అన్నాను.

"మొన్నటిదేనండీ. రైళ్ళ సంగతి అయ్యాక, నా మోకాలు ఎలా ఉందని అడిగాడు. నా సొంత పిల్లలు అడగరు. మీరు కలిసినప్పుడు ఉర్స్ థాంక్స్ చెప్పాడని చెప్పండి."

"అలాగే, చెబుతాను" అన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు మతి బాగానే ఉంది, ఇంకెన్. శవపేటికను భూమిలోకి దించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అయినా ఆ మెట్ల నుంచి ఇల్లు చేరేదాకా నా కొడుకు బతికున్నాడు. వాడు మంగళవారం ఎవరికో ఉత్తరం రాశాడు. ఎక్కడో కుర్చీలో కూర్చుని, నాకు తెలియని కారణం ఏదో పెట్టుకుని, నాకు మాత్రం రాయడం లేదు. దారిలో వాడి మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఇంటి తాళం తీశాక అన్నీ మళ్ళీ యథాస్థానానికి వచ్చేశాయి.

వాడి పేరుతో రాస్తున్నది ఎవరు? ఎవరో దొంగ అయితే నాకు చెప్పు, పోలీసులకి చెబుదాం. నువ్వయితే ఎందుకని అడుగుతున్నాను. అంతే.

ఓట్మార్


కీల్, 8 మే 2011

మామయ్యా,

నేనే.

దయచేసి ఈ ఉత్తరం ఎవరికీ చూపించకండి. చదివి పడేయండి.

అంత్యక్రియలు అయిన వారం, ఫోల్కర్ కంప్యూటర్ ఆపేద్దామని కూర్చున్నాను. అప్పటికే అందులో ఉత్తరాలు పేరుకుపోయి ఉన్నాయి. ఫలానా క్యాటలాగులో చివరి పేజీ మసకగా ఉందని ఒకరు, మా నాన్న ఇంజను ఏ ఏటిదో చెప్పగలరా అని ఒకరు. ఒకాయన మూడుసార్లు రాశాడు, మూడోసారి "ఒంట్లో బాగాలేదా?" అని. ఆయనకి ఫోల్కర్ చనిపోయాడని రాయాలి. ఆ వాక్యం రాయడం మొదలుపెట్టాను. చేయి నడవలేదు. దాని బదులు ఆయన అడిగిన పేజీ వెతికి పంపి, కింద ఫోల్కర్ సంతకం అలాగే ఉంచేశాను. అది దానంతటదే పడుతుంది.

కాసేపటికి జవాబొచ్చింది. "ధన్యవాదాలు ఫోల్కర్, ఆదివారం హాయిగా గడపండి" అని. మామయ్యా, ఆ ఆదివారం నిజంగా కొంచెం హాయిగా గడిచింది. ఏదో ఊళ్ళో ఒకాయన దృష్టిలో ఫోల్కర్ ఇంట్లో ఉన్నాడు, కాఫీ తాగుతున్నాడు.

ఆ తరవాత మానలేకపోయాను. వాడి పాత జవాబులన్నీ చదివి, ఎలా మొదలుపెడతాడో, ఎక్కడ జోకు వేస్తాడో నేర్చుకున్నాను. రోజూ డ్యూటీ నుంచి వచ్చి కోటు విప్పకుండానే కూర్చునేదాన్ని. తెలియనివి మిమ్మల్ని అడిగాను. స్టేషను కప్పు అలా అడిగిందే. మీరు రాసిన రంగు సీసా మాట అలాగే పంపితే ఆ ప్రశ్న అడిగినాయన చాలా నవ్వాడట. పెట్టె దగ్గరుంచుకున్నది కూడా అందుకే. వాళ్ళకి కావలసిన పేజీలు అందులో ఉండేవి.

మిమ్మల్ని ఆ మెట్ల మీద కూర్చోబెట్టింది నేను. అది ఎన్నడూ అనుకోలేదు. ఉర్స్ ఎక్కడో స్విట్జర్లాండులో ఉంటాడు, మీరు మీ ఇంట్లో ఉంటారు అనుకున్నాను.

తిట్టాలనుకుంటే తిట్టండి. జవాబు మాత్రం రాయండి.

ఇంకెన్


ఫ్యూర్త్, 16 మే 2011

అమ్మా ఇంకెన్,

తిట్టను. తిట్టడానికి రెండు రోజులు ప్రయత్నించాను, రాలేదు.

ఈ రోజుల్లో ఊరంతా తెల్ల ఆస్పరాగస్ కాడల కూర బుట్టలే. బాబెట్ వండి తెచ్చి, ఏమీ మాట్లాడకుండా పెట్టేసి వెళ్ళింది. మాట్లాడకుండా ఆవిడ ఈ ఇంట్లోంచి వెళ్ళడం ఇదే మొదలు.

ఒక మాట అడుగుతాను. నవ్వకు. వాడి జవాబులన్నీ చదివి వాడిలా రాయడం నేర్చుకున్నానన్నావు. నాకూ ఒకటి రాయి. పెద్దది అక్కర్లేదు. "నాన్నా, బాగున్నావా" అని మొదలుపెట్టి, ఆ వారం వాతావరణం గురించి, సైకిలు గురించి, నాలుగు లైన్లు. వాడు నాకు ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఫోను చేసేవాడు, నేనే తొందరగా పెట్టేసేవాణ్ణి. బిల్లు అవుతుందని. ఉర్స్‌కి మంగళవారం వచ్చింది కదా, నాకెప్పుడొచ్చినా ఫరవాలేదు.

అది నీ రాతేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

మామయ్య


కీల్, 12 జూన్ 2011

మామయ్యా,

ఇంత ఆలస్యమైంది ఎందుకంటే, కూర్చున్నాను. నిజంగా కూర్చున్నాను. "నాన్నా, బాగున్నావా" వరకూ రాశాను. ఆ తరవాత వాడు మీతో ఏమనేవాడో నాకు తెలియలేదు. మీతో ఫోనులో మాట్లాడేటప్పుడు వాడు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. మిగతావాళ్ళకి ఫోల్కర్ అంటే జవాబులు. అవి రాయగలిగాను. మీకు వాడు కొడుకు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కల్పించి రాస్తే మీ దగ్గర ఉన్నది కూడా చెరిపేసినట్టవుతుంది. నన్ను క్షమించండి, రాయలేను.

మీరు అడిగాకనే నాకు తెలిసొచ్చింది, నేను అందరికీ అదే చేస్తున్నానని. పోయిన శనివారం వెబ్‌సైటు మొదటి పేజీలో నాలుగు లైన్లు పెట్టాను. ఫోల్కర్ నవంబరులో చనిపోయాడు, అప్పటి నుంచి జవాబులు రాసింది భార్య ఇంకెన్ అని. వాడి పేరుతో నేను మాట్లాడిన ప్రతి ఒక్కరికీ విడిగా కూడా రాశాను.

హాంబుర్గ్ ఆయన ఒకరు చాలా కోపంగా రాశాడు. "చచ్చిపోయిన మనిషికి నా చేత పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పించారు, మీకు సిగ్గులేదా" అని. నిజమే, ఏప్రిల్‌లో చెప్పాడు. నేను థాంక్స్ కూడా రాశాను. డెన్మార్క్ నుంచి ఒక పెద్దావిడ, "నాకు జనవరి నుంచే అనుమానం. ఫోల్కర్ మంచివాడే గానీ రైళ్ళ గురించి తప్ప అడిగేవాడు కాదు. చలికాలం నుంచి నా పిల్లి గురించి అడుగుతున్నాడు" అని రాసింది. ఉర్స్ ఒకే ఒక్క లైను. "అయితే మోకాలి సంగతి అడిగింది మీరన్నమాట. ఇప్పుడు నయమే."

అది చదివి ఏడ్చాను. అంత్యక్రియల నాడు కూడా అంత ఏడవలేదు.

వారం నుంచి ప్రశ్నలు రావడం తగ్గిపోయింది. ఎవరూ ఏమీ అడగరు. ఓదార్పు మాటలు రాసి ఆగిపోతారు. డ్యూటీ నుంచి వచ్చి కోటు విప్పి తగిలిస్తున్నాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు నిజంగా పోయాడు మామయ్యా. నేనే పంపించినట్టుంది.

మీరు పెట్టెలు తెరిచారా లేదా అని ఇప్పటికీ రాయలేదు. నామీద అంత కోపమా?

ఇంకెన్


ఫ్యూర్త్, 3 జూలై 2011

తల్లీ,

కోపం లేదు. పెట్టెలు తెరవలేదు. ఎందుకంటే తెరిచి లాభం లేదు.

నా కళ్ళు పోయాయి. పూర్తిగా కాదు. నడిమధ్య మసక ముద్ద ఒకటి కూర్చుంది. చూడాలనుకున్నదే కనబడదు, దాని పక్కవి కనబడతాయి. మనిషికి ఎదురుగా నిలబడితే చెవులూ భుజాలూ తెలుస్తాయి, మొహం ఉండదు. డాక్టరు ఇక ఇంతే అన్నాడు. ఫోల్కర్‌కి కొత్త కళ్ళజోడు మార్చానని చెప్పాను. వాడికి తెలిస్తే నన్ను వృద్ధుల ఇంటికి పంపిస్తాడని భయం. తరవాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. టైపు కొట్టడానికి కళ్ళు అక్కర్లేదు, అందుకే నీకు అనుమానం రాలేదు.

నీ ఉత్తరాలన్నీ బాబెట్ చదివి వినిపించింది. మంచం సంగతి రాసినది కూడా. ఆవిడ ముందు దానికి ఏం జవాబు చెప్పను? ముసలి మామగారిని, సిగ్గుపడ్డాను. స్టేషను కప్పు గురించి చెప్పడం తేలికైంది. మే నెల ఉత్తరం ఎవరికీ చూపించొద్దన్నావు. ఆ వాక్యం కూడా ఆవిడే చదివింది. చదివి ఆగి, "ఆపమంటారా?" అంది. చదవమన్నాను. అయ్యాక కడిగిన కప్పులే మళ్ళీ కడిగి వెళ్ళింది. నిన్ను అనుమానించినందుకు ఆవిడ నొచ్చుకుంటోంది. నీకు చెప్పమంది.

స్వెట్టర్ సంగతి నువ్వు రాసేదాకా తెలియదు. అప్పుడు పెట్టె మూత కొద్దిగా ఎత్తి, చేయి పెట్టి తీసుకున్నాను. కుర్చీ మీద ఉంది. పెట్టెలు అడిగింది చూడటానికి కాదమ్మా. చిన్నప్పుడు వాడు ఆ పుస్తకాలు మా అంగడి బల్ల కింద పడుకుని చదివేవాడు. వాడు చివరిదాకా చేతుల్లో పెట్టుకున్నవి నా ఇంట్లో ఉండాలనిపించింది.

వాడిలా రాయలేనన్నావు. మంచిదైంది. అడగకూడనిది అడిగాను.

ఓట్మార్


కీల్, 21 జూలై 2011

మామయ్యా,

ఇది బాబెట్ గారు చదువుతున్నారని తెలిసే రాస్తున్నాను. బాబెట్ గారూ, నేను నొచ్చుకోలేదు. ఆయనకి చేప కొంచెం తగ్గించండి.

న్యూరెంబర్గ్ రైళ్ళ క్లబ్బు వాళ్ళు వెబ్‌సైటును ఇకమీదట తామే చూసుకుంటామని ముందుకొచ్చారు. ఫోల్కర్ పేరు పైన ఉంటుంది, ఎవరూ తీయరు. ఒప్పుకున్నాను. అప్పగించే ముందు పేజీలన్నీ మొదటి నుంచీ చివరిదాకా ఒకసారి చూశాను. వేల పేజీలు. వాడు ఒక్కొక్క పుస్తకాన్నీ కెమెరా కింద పరిచి, చేతులకి తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, మరక పడకుండా, నీడ పడకుండా తీశాడు. వాడి శ్రద్ధ చూస్తుంటే నాకు కోపం వచ్చింది. అంత పనిలో తన ఆనవాలు ఒక్కటి మిగల్చలేదు.

తరవాత 1958 క్యాటలాగు వచ్చింది. పేజీ నిండా ఆవిరి ఇంజను, నల్లటిది, చక్రాలు ఎర్రవి. పొగ గొట్టం దగ్గర చిన్న తెల్ల గీత, మెరుపు కోసం గీశారు. ఆ పేజీ కుడి అంచున, కింద, ఒక బొటనవేలు ఉంది. తొడుగు లేదు. పుస్తకం మూసుకుపోకుండా పట్టుకుని ఉంటాడు, ఫొటోలో పడిందని చూసుకోలేదు. గోరు మధ్యలో నిలువుగా చీలిన గాటు. మీ అంగడి ఇనుప షట్టర్ కింద నలిగిన గోరే. పెళ్ళయిన కొత్తలో ఆ కథ నాకు వాడు రెండు రకాలుగా చెప్పాడు.

క్లబ్బు వాళ్ళు ఆ పేజీ మళ్ళీ తీస్తామన్నారు. వివరం కొంత కప్పేసిందట. ముట్టుకోవద్దని చెప్పాను. కారణం అడిగితే, అది మా ఆయన అన్నాను. వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

ఆ పేజీని దుకాణంలో ఇచ్చి, గోడ పటమంత పెద్దదిగా అచ్చు వేయించాను. గొట్టంలో చుట్టి పంపుతున్నాను. మీకు ఎంత కనబడుతుందో తెలియదు.

ఇంకెన్


ఫ్యూర్త్, 29 జూలై 2011

తల్లీ,

గొట్టం వచ్చింది. బాబెట్, నేనూ కలిసి కిటికీ పక్క గోడకి మేకులు కొట్టి తగిలించాం. ఆవిడ ఇంజను గురించి చాలాసేపు చెప్పింది. చక్రాలు ఎర్రగా ఉన్నాయంది, పొగ గొట్టం మెరుస్తోందంది. ఆవిడ కిందికి వెళ్ళాక కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంజను వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంజను నాకు కనబడలేదు. వేలు కనబడింది.

నాన్న